బొటనవేలి తాళం

ఆదివారం ఆరాధన కాగానే మా పాదిరిగారు నన్ను పక్కకు పిలిచి, "బాలస్వామీ, ఆ దొరను మన్నించావా?" అని అడుగుతుంటారు. లేదండీ అంటాను. "ఇంకానా?" అంటారాయన. ఇంకానే. మేం కర్నూలు వచ్చి ఏళ్లయింది, నిజాము రాజ్యమే కూలిపోయింది, నా కోపం మాత్రం చెక్కుచెదరలేదు. దాన్ని నేను కూలనివ్వలేదు. మన్నించినవాళ్లకు కంటినిండా నిద్ర పడుతుందని ఆయన చెబుతారు. నాకు మన్నించకుండానే పడుతోంది. ఎందుకు పడుతోందో వినండి.

మాది పాలమూరు జిల్లాలో, కృష్ణకు ఆ ఒడ్డున, రాళ్లగూడెం. ఊరి నడుమ ముకుందరావు దొర గడీ. ఆయనకు వేట పిచ్చి లేదు, గుర్రాల పిచ్చి లేదు, ఉన్నదల్లా పేరు పిచ్చి. హైదరాబాదులో ఎవరో నవాబు ఇచ్చిన దావతులో నలుగురు తెల్లవాళ్లు కూర్చుని నాలుగు సాక్సోఫోన్లు వాయించడం చూసి వచ్చాడు. బ్యాండుమేళం కాదు అది. జనం దగ్గుకూడా ఆపుకుని వినే తెల్లదొరల శాస్త్రీయ సంగీతం. నాలుగు సైజుల సాక్సోఫోన్లు, నాలుగు గొంతులు, ఒకటే పాట. ఇలాంటిది రాజ్యంలో ఏ గడీలోనూ లేదని ఎవరో అన్నారట. ఇంకేం, మా దొరకు నిద్ర పట్టలేదు. కొన్నాళ్లకు బొంబాయి పెట్టెలు మహబూబ్‌నగర్ స్టేషనులో దిగి, ఎడ్లబండ్ల మీద మా ఊరు చేరాయి. ఊరి జనం వాటికి వంకర సన్నాయిలని పేరు పెట్టారు.

తేవడం తెచ్చాడు గానీ ఊదేదెవరు? నోట్లో పెట్టుకుని ఊదేది ఎంగిలి పని. దొర చుట్టాలెవరూ దాన్ని ముట్టరు. అందుకని సికింద్రాబాదులో మిలిటరీ బ్యాండు చేసి దిగిపోయిన డిసౌజా అనే గోవా మాస్టరును పిలిపించి, మాలవాడలో మిషన్ బడికి పోయి కీర్తనలు పాడే మమ్మల్ని నలుగురిని ఏరి ఆయనకు అప్పగించాడు. అన్నిటికన్నా చిన్నదీ తిన్నగా ఉండేదీ సోప్రానో, అది నాది. పాటను ముందుండి నడిపేది అదే. దాని కింద ఆల్టో, మా మేనబావమరిది నర్సింహది. ఆ కింద టెనర్ గుర్వయ్యది, మా అందరికీ పెద్దవాడు, నెమ్మదస్తుడు. అడుగున ఎడ్ల మెడంత లావు గొట్టంతో బారిటోన్, అది దశరథం మోయాల్సిందే, ఇంకొకరి వల్ల కాదు.

డిసౌజా మాస్టరు తాగితే తిట్టేవాడు, తాగకపోతే కొట్టేవాడు. కానీ నేర్పాడు. నలుగురూ ఒక్క ఊపిరి తీసి ఒక్క ఊపిరి వదలాలనేవాడు. ఆయన తెచ్చిన కట్టలో నాలుగో పాట నెమ్మదిగా సాగేది, స్వరాలు పొడుగు పొడుగు. దాన్ని మేం కుదురుగా వాయించిన దినం మాస్టరు లేచి బయటికిపోయి వేపచెట్టు కింద నిలబడ్డాడు. తరవాత జబ్బుపడి గోవా వెళ్లిపోయాడు. మేం నలుగురమే మిగిలాం.

దొర దర్బారులో మేం వాయించేటప్పుడు నల్లకోట్లు ఇచ్చేవారు. చెప్పులు ఇవ్వలేదు. గడీలో మాలోళ్లు చెప్పులు తొడగడమేంటి? పైన కోటు, కింద మట్టికాళ్లు. పాట అయిపోగానే కోటు విప్పి కొక్కేనికి తగిలించి, మళ్లీ గోచీ పెట్టి వెట్టిచాకిరీకి పోవాలి. సాక్సోఫోన్లు గడీలోనే ఉండాలి, గడప దాటరాదు. మా వాళ్లెవరూ లోపలికి వచ్చి వినరాదు. మా నాయిన గొడ్లు కాసుకుంటూ వచ్చి, గడీ వెనక గోడకు చెవి ఆనించి వినేవాడట. ఆ సంగతి ఆయన పోయాక తెలిసింది.

నాయిన పోయిన దినం నా మనసు మనసులో లేదు. బతికుండగా నా పాట వినలేదనుకుని, ఒక్కసారన్నా వినిపించాలనుకున్నాను. గొంగడి కింద సోప్రానో దాచి తెచ్చి, గుంత పక్కన నిలబడి నాలుగో పాటలో నా వంతు వాయించాను. మిగతా మూడు గొంతులు లేకపోయినా మట్టి వేసేవాళ్లు మట్టి వేయడం ఆపి విన్నారు. తెల్లారి దొర పిలిపించాడు.

"ఏ నోటితోని ఊదినవురా?" అని అడిగాడు.

"గీ నోటితోనే, నీ బాంచెన్ దొరా. నాయిన పోయిండని..."

చేతికర్రకు వెండి పొన్ను ఉండేది దొరకు. దాంతోనే కొట్టాడు. జీతగాడితో కొట్టించలేదు, తన చేత్తోనే కొట్టాడు. పై వరస ముందు పళ్లు రెండు అక్కడే రాలిపోయాయి, పక్కవి విరిగాయి. సాక్సోఫోను ఊదేవాడికి పై పళ్లు నోట్లో పెట్టుకునే కొస మీద ఆనాలి, కింది పెదవి రీడు అనే సన్నటి బద్దను ఒత్తాలి. పళ్లు లేకపోతే గాలి పక్కల నుంచి కారిపోతుంది. అంటే ఒక్క దెబ్బతో నా నోట్లోంచి పాటను పీకేశాడు. పసుపునీళ్లతో నా నోరు కడుగుతూ నా భార్య బిక్షమ్మ అంది, "ఏడువకు. కన్నీళ్ల ఉప్పు తాకితే ఇంకింత మండుతది." ఏడవలేదు. నెలల తరబడి జొన్నరొట్టె పులుసులో నానబెట్టి మెత్తగా పిసికి పెట్టేది. పసిపిల్లవాడి తిండి తిన్నాను. ఆ పిసికిన రొట్టె మింగినప్పుడల్లా దొర ముఖం మింగినట్టే ఉండేది.

ఇంతలో జిల్లా తాలూక్‌దారు సాబు, అంటే కలెక్టరు, మా గడీకి దావతుకు వస్తానని కబురు పెట్టాడు. దొరకు పోటీదారు సిరిపురం దొర కూడా వస్తున్నాడు. నాలుగు వంకర సన్నాయిల కచేరీ వినిపిస్తానని మా దొర ఎప్పుడో గొప్పలు చెప్పి ఉన్నాడు. ఇప్పుడు ముందు నడిపేవాడికి పళ్లు లేవు. బొంబాయి నుంచి మనిషిని తెప్పిద్దామని గుమాస్తా అంటే దొరకు పౌరుషం వచ్చింది.

"మాలోడు ఊదంగ లేంది నేను ఊదలేనా? కృష్ణ పరమాత్ముడు పిల్లనగ్రోవి ఊదలేదా?" అన్నాడు. ఎంగిలి సంగతేమిటంటే దానికీ ఉపాయం ఆలోచించాడు. నా నోరు తాకిన కొసను పారేయించి, వెండి తొడుగు వేసిన కొత్త కొస తెప్పించాడు. దాన్ని మాలోడి చెయ్యి తాకరాదని గట్టి హుకుం. ఇక నేర్పేదెవరు? నన్నే రమ్మన్నాడు.

"పళ్లు పోయినయి గని చెవులు పోలే గద నీకు. నేర్పురా బాలిగా" అని నవ్వాడు.

నా పళ్లు రాలగొట్టి, నా బాజా లాక్కుని, నన్నే నేర్పమంటాడు. ఒళ్లు భగ్గుమంది. పైకి మాత్రం, "ఔ బాంచెన్" అన్నాను. గడీలో ఇంకో మాట ఉండదు.

సాక్సోఫోనులో మొట్టమొదటి సంగతి ఒకటుంది. ఆ కొసను బాజా మెడకు చుట్టిన బెండు మీద తొడుగుతారు. గోరంత బెండు బయటికి కనబడేట్టు తొడిగితే శ్రుతి కుదురుతుంది. పూర్తిగా లోపలికి నెడితే స్వరం పైకి ఎగబాకుతుంది. సోప్రానో మరీ పెంకిది, వెంట్రుకవాసి తేడా వస్తే చెవి కోస్తుంది. వేరే ఎవరైనా అయితే ఆ కొస పట్టుకుని నేనే సర్దేవాణ్ని. ముట్టుకోరాదని హుకుం కదా. దొర దాన్ని బలంకొద్దీ చివరిదాకా నెట్టి, ఊదాడు.

నర్సింహకు నోటి దురుసు. మొదటి దినమే, "దొరా, జర తప్పు వస్తాంది. కొస జర బయటికి గుంజు" అనేశాడు. దొర ఊదడం ఆపి నర్సింహను చూశాడు. "నా తోని తప్పంటవా?" అని, పొద్దు నడినెత్తికి వచ్చి దిగేదాకా గడీ ముంగిట్లో నడుము వంచి నిలబెట్టించి, వీపు మీద బండ పెట్టించాడు. ఎండాకాలం. సాయంత్రం వాణ్ని మోసుకుని ఇంటికి తెచ్చాం. ఆ దినం నుంచి మా నలుగురి నోట తప్పు అనే మాట పోయింది.

మాట పోయింది కానీ తప్పు పోదు కదా. దొర స్వరం పైకి ఎగబాకుతుంటే కిందివాళ్లు ముగ్గురూ పాటలో ఉన్నట్టు వాయిస్తే వినలేని గోల. అప్పుడు కూడా కోపం వాళ్ల మీదికే వస్తుంది. భయంతో మొదట గుర్వయ్య పెదవులు బిగించి తన స్వరాన్ని కూడా దొర వెంట పైకి లేపాడు. దశరథం లేపాడు. వీపు నొప్పితో మూలుగుతూ నర్సింహ కూడా లేపాడు. దొర తాళంలో ఒక లెక్క మింగేస్తే వాళ్లూ మింగేశారు. మీట ఏదో తోచక ఒక స్వరం మీద ఆగిపోతే వాళ్లూ ఆగిపోయారు. నేను దొర వెనక నిలబడి, కాగితాల బల్ల పట్టుకుని, కుడికాలి బొటనవేలితో నేల మీద తాళం వేసేవాణ్ని. దొరకు కనబడదు, ముగ్గురికీ కనబడుతుంది. దొర ఎటు పోతే నా వేలు అటు పోయేది. ముగ్గురూ వేలి వెంట పోయేవారు. నలుగురూ కలిసే తప్పుతుంటే వినేవాడికి తప్పెక్కడుందో తెలియదు, వాయించేవాడికి అసలే తెలియదు.

పాట అయ్యాక దొర తిరిగి, "ఎట్లున్నదిరా?" అన్నాడు.

"మస్తుగున్నది దొరా. నీ బాంచెన్, పుట్టుకతోనే వచ్చినట్టున్నది" అన్నాను.

దొర నవ్వాడు. పై వరస, కింది వరస, మొత్తం పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. ఆ తెల్లటి పళ్ల వైపు చూస్తుండగా నాకు దారి దొరికింది. ఆ క్షణాన కలిగిన సంతోషం నా పెండ్లిలో కూడా కలగలేదు, దాచడమెందుకు.

మర్నాడు దొర తోటలో మోట తోలుతున్నప్పుడు ముగ్గురికీ చెప్పాను. ఎడ్లు వెనక్కి ముందుకు నడుస్తున్నాయి, తోలు బొక్కెన నుంచి నీళ్లు ధారగా పడుతున్నాయి, ఆ చప్పుడులో మా మాటలు ఎవరికీ వినబడవు.

"దావతు దినం దాంక గిట్లనే దొర ఎంబడి పోదాం. జరంత సుత తేడా రానియ్యద్దు. తన లెక్క మంచిగ ఊదేటోడు లోకంల లేడని దొర నమ్మాలె. ఆ దినం తాలూక్‌దారు ముంగట పాట ఎట్లున్నదో గట్ల వాయించుండ్రి. గంతే" అన్నాను.

దశరథం మోట తాడు వదిలేసి నా వైపు తిరిగాడు. తరవాత గట్టిగా నవ్వాడు. నర్సింహ నవ్వలేదు. వీపు తడుముకుని, "చేద్దాం బావా" అన్నాడు.

గుర్వయ్య మాత్రం తలూపలేదు. "పానం తీస్తడు బాలస్వామీ. మనది పోతే పోయె, ఆడోళ్లు, పిల్లలు?"

"ఏ తప్పు చేసినమని తీస్తడు? మనం పాట ఉన్నట్టే వాయిస్తం. పిల్లలను ముందే నది దాటిద్దాం. కర్నూలు దిక్కు కోతలకు కూలికి పోతాండ్రు అంటే ఎవలడుగుతరు? ఏటేటా పాలమూరోళ్లు పోతనే ఉన్నరు గద. మనం దావతు కాంగనే పోదాం. గడీ నిండ చుట్టాలుంటరు, వాళ్లను ఇడిసిపెట్టి మన ఎంబడి రాడు. నది దాటితే అది ఇంగ్రేజు ఇలాకా, గీ దొర జోరు ఆడ నడువది."

గుర్వయ్య ఎడ్లను అదిలించాడు. చివరికి, "నీ నాయిన గోడకు చెవి పెట్టి వినేటోడు. నేను చూసిన. నీకు చెప్పలే, బాధపడతవని" అన్నాడు. అదే ఒప్పుకోలు. ఆ మాట నాకు అప్పుడే తెలిసింది.

అప్పటినుంచి మాకు రెండు పాటలు. గడీలో దొర పాట, మోట దగ్గర అసలు పాట. బాజాలు గడీలో తాళం వేసి ఉంటాయి కనుక నోటితోనే పాడుకునేవాళ్లం. దశరథం అడుగున గుమ్మని అనేవాడు, ఎడ్ల నడక తాళమయ్యేది, నేను పళ్ల సందులోంచి ఈల పోతున్నా సోప్రానో వంతు పాడేవాణ్ని. అలా పాడుకోకపోతే అసలు పాట మా చెవుల నుంచి చెరిగిపోయేది. గడీలో చూస్తే దొర దినదినానికీ రెచ్చిపోతున్నాడు. చుట్టాలు వస్తే వినిపించేవాడు, వాళ్లు ఆహా అనేవారు. గడీకి వచ్చినవాళ్లు ఆహా కాక ఇంకేం అంటారు? సిరిపురం దొర కుళ్లి చావాలని బాహాటంగానే అనేవాడు. నేను వెనక నిలబడి, "ఔ బాంచెన్, కుళ్లి సస్తడు" అనేవాణ్ని. నా నోట అబద్ధం అంత తియ్యగా ఎన్నడూ రాలేదు.

కోతల కాలం వచ్చింది. బిక్షమ్మ, మిగతా ఆడవాళ్లు, పిల్లలతో నది దాటారు. వెళ్లేముందు బిక్షమ్మ నా నోటివైపు చూసి, "ఆఖరికి భయపడి మనసు మార్చుకోకు. మార్చుకుంటే రొట్టె పిసికి పెట్టను" అంది.

దావతు మధ్యాహ్నం జరిగింది. గడీ పెద్దగదిలో తివాచీలు పరిచారు. తాలూక్‌దారు సాబు మెత్తటి కుర్చీలో, పక్కన సిరిపురం దొర, వెనక చుట్టాలు. ఒక పక్క వెదురు చిక్ తెరల వెనక దొరసాని, ఆడవాళ్లు. దొర పట్టు షేర్వానీలో వచ్చి కూర్చుని, వెండి కొసను చివరిదాకా నెట్టాడు. వెనక నేను, ఎదురుగా ముగ్గురు, నల్లకోట్లలో, మట్టికాళ్లతో.

నలుగురూ ఊపిరి తీశారు. నా బొటనవేలు నేల మీద పడింది. ఈసారి దొర కోసం పడలేదు.

మొదటి వరసలోనే తేడా వినబడింది. ఆల్టో, బారిటోన్ పాటలో ఉన్నాయి, గుర్వయ్య టెనర్ మాత్రం దొర వెంట పోతోంది. భయం కాదు అది. ఇన్ని నెలలు తప్పును వెంబడించి వెంబడించి ఆయన పెదవులు వాటంతట అవే బిగుసుకుంటున్నాయి. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆపుకోలేకపోతున్నానన్నట్టు నన్ను చూశాడు. నేను వేలు కాదు, మడమ కాదు, పాదం మొత్తం ఎత్తి తివాచీ మీద కొట్టాను. మోట ఎడ్ల నడక ఎలా ఉంటుందో అలా కొట్టాను. గుర్వయ్య కళ్లు మూసుకున్నాడు. రెండో వరస మొదట్లో ఆయన స్వరం కిందికి జారి, మిగతా ఇద్దరి పక్కన వచ్చి కూర్చుంది. మూడూ ఒక్కటయ్యాయి. ఇన్నాళ్లకు, గడీ లోపల, అసలు పాట వినబడింది. దాని నెత్తిన దొర సోప్రానో ఒక్కటే కీచుమంటోంది.

మొదట సిరిపురం దొర దగ్గాడు. శాలువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. మా దొరకు ఏం జరుగుతోందో అర్థం కాలేదు. ఒక లెక్క మింగేశాడు, ఎవరూ మింగలేదు. ఒక స్వరం మీద ఆగాడు, ఎవరూ ఆగలేదు. పాట ఆయన్ను వదిలేసి తన దారిన తాను పోతోంది. ఊదుతూనే తల తిప్పి నా వైపు చూశాడు. నుదుట చెమట. ఆ చూపులో దొరతనం లేదు, జర ఆగమని అడిగే చూపు అది. నా కాలు మళ్లీ ఆయన లెక్క పడితే చాలు, ముగ్గురూ ఆయన వెంట పోయేవారు, ఆయన గట్టెక్కేవాడు. నా కాలు ఆగలేదు. అప్పుడు తెర వెనక నుంచి నవ్వు వినబడింది. ఆడమనిషి నవ్వు, ఆపుకుని ఆపుకుని ఫక్కున వచ్చిన నవ్వు. దొరసానిది. దొర ఆ నవ్వును పోల్చుకున్నాడు, ముఖం మాడిపోయింది.

ఊదడం ఆపేసి లేచాడు. "మీరు తప్పుతాండ్రు లంజకొడుకుల్లారా!" అని ముగ్గురి మీదా అరిచాడు.

తాలూక్‌దారు సాబు చెయ్యెత్తి ఆపాడు. "రావు సాబ్, ఆ ముగ్గురినీ వాళ్లంతట వాళ్లను వాయించనివ్వండి, విందాం" అని ఉర్దూలో అన్నాడు. ముగ్గురూ మొదటి నుంచి వాయించారు. పై గొంతు లేకపోయినా పాట నిండుగా, నిమ్మళంగా సాగింది. ఒక్కడూ దగ్గలేదు.

దొరకు ఇంకో దారి లేదు, నా వైపు తిరిగాడు. గడీలో ఆయనకు ఎప్పుడూ దొరికే మాట నా దగ్గర దొరుకుతుందనుకున్నాడు. "నువ్వు చెప్పురా బాలిగా. ఇన్ని నెలలసంది ఇంటున్నవు గద. నేను ఎన్నడన్న తప్పిన్నా?"

"తప్పినవు దొరా" అన్నాను. ఆ మాట గదిలో నా చెవికే కొత్తగా వినబడింది. "మొదటి దినంకెల్లి తప్పుతనే ఉన్నవు. ఒక్కనాడు సుత ఒప్పు రాలే. మేం భయానికి నీ ఎంబడి తప్పినం, గంతే. ఇయ్యాల తప్పలే."

"మరి ఎందుకు చెప్పలేదురా!"

నేను తాలూక్‌దారు సాబు వైపు తిరిగి, పై పెదవి వేళ్లతో ఎత్తి, నా చిగుళ్లు చూపించాను. "చెప్పే నోరు గిది దొరా. నువ్వే చేసినవు గద."

తాలూక్‌దారు నా నోరు చూశాడు. గోడకు ఆనించిన వెండి పొన్ను కర్రను చూశాడు. ఏదో న్యాయం చేస్తాడని నేనూ అనుకోలేదు. కానీ ఆయన కూర్చున్నంతసేపు దొర ఆ కర్ర ముట్టలేడు. మేం నలుగురం కోట్లు విప్పి కొక్కేలకు తగిలించి, బాజాలు బల్ల మీద పెట్టి, వంగి సలాం చేసి బయటికి నడిచాం. దశరథం తన బారిటోన్‌ను ఒకసారి నిమిరాడు. పొద్దు వాలేసరికి పుట్టి పడవలో నది నడుమ ఉన్నాం.

కర్నూలులో ముగ్గురూ పెండ్లి బ్యాండులో క్లారినెట్లు ఊదుకుంటూ బతికారు. నేను పెద్ద డోలు కొట్టాను, దానికి పళ్లు అక్కరలేదు. నాలుగో పాట మళ్లీ ఎన్నడూ వాయించలేదు. ఆ సాక్సోఫోన్లు మాకు మళ్లీ ఎక్కడ దొరుకుతాయి? ఆ లెక్కకూడా దొర మీదే రాసుకున్నాను.

పోలీసు యాక్షను అయ్యి నిజాము దిగిపోయాక, గడీలో వంట చేసే శ్యామలమ్మ చుట్టాలింటికని కర్నూలు వచ్చి, వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చింది. దొర సంగతి చెప్పింది. వెట్టి పోయిందట, గడీకి జనం రావడం తగ్గిందట. అది కాదు ఆయన దిగులు.

"ఎవలేం చెప్పినా నమ్మడు బాలస్వామీ. కూర బాగున్నదా అని నన్నే అడుగుతడు. బాగున్నది దొరా అంటే, నిజం చెప్పు అంటడు. నిజంగనే అంటే పళ్లెం ఇసిరి కొడతడు. మనుమడు పుట్టిండు, అచ్చం నీ తీరు ఉన్నడు దొరా అన్నరు. ముఖం తిప్పుకున్నడు. తలుపులు పెట్టుకొని దినాం గా చిన్న సన్నాయి ఊదుతడు. ఊదుతడు, ఆగుతడు, నన్ను పిలిచి ఎట్లున్నది అంటడు. మంచిగున్నది అంటే ఏడిసినంత పని చేస్తడు."

తరవాత వచ్చిన పని బయటపెట్టింది. "ఒక్కసారి వచ్చి ఇని పొమ్మన్నడు. ఒప్పో తప్పో నువ్వు చెప్తేనే నమ్ముతడట. బాలస్వామి అన్నడు, బాలిగాడు అనలే. బండి కూడ పంపిస్తనన్నడు."

బిక్షమ్మ రొట్టె పిసకడం ఆపి నా వైపు చూసింది.

"శ్యామలమ్మా, గా బాజను తుడిచేది నువ్వే గద? ఆ వెండి కొసను దొర ఎంత లోపలికి నెడతడు?" అని అడిగాను.

ఆమె ఆలోచించి, చిటికెనవేలి గోరు చూపించింది. "గింత బెండు బయటికి కనవడతది. ఎన్నోసార్లు గుంజి, నెట్టి, ఆఖరికి ఆడనే పెట్టిండు. ఎందుకు? గట్ల పెట్టద్దా?"

గోరంత. సరిగ్గా అక్కడే పెట్టాలి. వాడికి ఎవరూ నేర్పకుండానే, తలుపులు మూసుకుని, తనంతట తాను ఒప్పు పట్టాడు. పట్టానని వాడికి తెలియదు. ఆ సంగతి వాడికి చెప్పగల మనిషి భూమ్మీద నేనొక్కణ్నే.

నేను నవ్వాను. పళ్లు లేని నోరంతా తెరిచి నవ్వాను. "నేను రాలేనని చెప్పు. కని నా మాటగ దొరకు ఒక్కటి చెప్పు. బాలస్వామి గిట్లన్నడని చెప్పు: ఔ బాంచెన్, మస్తుగున్నది దొరా."

శ్యామలమ్మ వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పిందట. పాదిరిగారూ, అబద్ధమాడానని మాత్రం అనకండి. నిజమే చెప్పి పంపాను, వాడు నమ్మడని తెలిసే పంపాను.